అడిగి రాసే హ్యాపీ

బాబాయి కౌంటరు దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ బేకరీలో 'హ్యాపీ' అనే మాట అడగ్గానే దొరికేది కాదు. బ్రెడ్డు దొరికేది, బిస్కెట్లు దొరికేవి, నిన్నటి బన్ను కావాలన్నా వెతికి ఇచ్చేవారు. కేకు మీద హ్యాపీ అని రాయించుకోవాలంటే మాత్రం బాబాయి విచారణకి నిలబడాల్సిందే. కేకు ఎవరి కోసమో ఆ మనిషి నిజంగానే హ్యాపీగా ఉన్నట్టు ఆయనకి నమ్మకం కుదరాలి. అప్పటిగ్గానీ చేతిలోని క్రీము కోను కిందికి వంగేది కాదు.

"రాసేది నేను. రేపు అబద్ధమని తేలితే మాట పడేదీ నేనే," అనేవాడు.

"కేకు మీద అబద్ధానికి నిన్నెవరు ఏమంటారు బాబాయ్? అరగంట పోతే కేకే ఉండదు," అనేది అమ్మడు.

"కేకు ఉండదమ్మా. ఫొటో ఉంటుందిగా!"

అమ్మడు ఆయన అన్నగారి కూతురు. బేకరీ అన్నగారు పెట్టింది. పొయ్యి, పిండి, బేరసారాలు అన్నీ అన్నగారివి. కేకుల మీద రాత ఒక్కటే తమ్ముడిది. అన్నగారి మోకాళ్ళు మొరాయించి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక, కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీదికి అమ్మడు వచ్చి కూర్చుంది. స్టూలుతో పాటు బాబాయి కూడా ఆమెకి వారసత్వంగా వచ్చాడు.

రాత గురించి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. ఆయన రాసిన అక్షరాల మీద కత్తి పెట్టడానికి జనానికి చేతులొచ్చేవి కావు. చుట్టూ కోసుకు తిని, నడిమధ్యన పేరున్న ముక్కని మిగిల్చి ఫ్రిజ్‌లో దాచుకునేవారు. అది ఎండిపోయి పెంకులా అయ్యేదాకా ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. అందుకే ఇంత విచారణనీ భరించి మళ్ళీ ఆ కొట్టుకే వచ్చేవారు. గొణుక్కుంటూ వచ్చేవారు, అది వేరే సంగతి.

పదేళ్ళలోపు పిల్లలకి విచారణ ఉండేది కాదు. "వాళ్ళు హ్యాపీగా లేకపోతే ఏడుస్తారు. ఏడవట్లేదంటే హ్యాపీయే. పెద్దవాళ్ళతోనే వస్తుంది చిక్కంతా. లోపల ఏముందో తెలీదు, పైన మాత్రం క్రీము పూసుకుని వస్తారు," అని ఆయన సిద్ధాంతం.

ఓసారి కాలేజీ కుర్రాళ్ళు నలుగురు వచ్చి, పరీక్షలైపోయాయి, 'హ్యాపీ హాలిడేస్' అని రాయమన్నారు.

"ఎలా రాశారు?" అన్నాడు బాబాయి.

నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"పాసవుతారా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకంకుల్!"

"మరింకేం. పరీక్ష అయిపోతే వచ్చేది హ్యాపీ కాదు నాయనా, ఊపిరి," అంటూ కోను వంచి, కేకు మీద 'హమ్మయ్య' అని రాసిచ్చాడు. కుర్రాళ్ళు ఆ కేకుని నెత్తిన పెట్టుకుని ఊరేగినంత పని చేశారు. మర్నాడు వేరే కాలేజీ వాళ్ళు వచ్చి, "మాక్కూడా ఓ హమ్మయ్య" అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. పోయిన కరెంటు వచ్చి, "అబ్బ, హ్యాపీ!" అని ఎవరైనా అంటే, "అది హ్యాపీ కాదు, ఫ్యాను గాలి" అనేవాడు. కడుపు నిండా తిని ఎవరైనా ఆ మాట అంటే, "అది హ్యాపీ కాదు, నిద్ర" అనేవాడు. పక్కింటాయన కొత్త కారుకి గీత పడిందని తెలిసి అమ్మడి వాళ్ళ నాన్న, "ఎంత హ్యాపీగా ఉందిరా!" అని పైకే అనేశాడు.

"ఛ, ఊరుకో అన్నయ్యా. దానికి వేరే మాట ఉంది. అది కేకు మీద రాసేది కాదు."

మరి అసలైన హ్యాపీ అంటే ఏమిటో చెప్పమంటే మాత్రం బాబాయికి వచ్చేది కాదు. "చూస్తే తెలుస్తుంది," అనేవాడు. పిన్ని అందుకునేది. "పెళ్ళైన కొత్తలో నన్నూ అడిగారు, నువ్వు హ్యాపీనా అని. భోజనం చల్లారిపోతోంది, ముందు తినండి అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ పెండింగ్‌లోనే ఉంది."

"పెండింగ్ ఏం కాదు. ఆ రోజే అర్థమైంది," అనేవాడు బాబాయి. ఏమర్థమైందో చెప్పేవాడు కాదు. పిన్ని మూతి విరిచేది గానీ ఆ పూట ఆయన కంచంలో ఓ ముద్ద ఎక్కువే పడేది.

అన్నిటికన్నా చెప్పుకోదగ్గది పెళ్ళిరోజు కేకు సంగతి. ఒకాయన హడావుడిగా వచ్చి, 'హ్యాపీ యానివర్సరీ' అని రాయండి, పది నిమిషాల్లో వస్తాను అని చెప్పి పండ్ల కొట్టుకి వెళ్ళాడు. వచ్చి చూస్తే కేకు మీద 'యానివర్సరీ' ఒక్కటే ఉంది. దాని ముందు చక్కగా, కొలిచినట్టు ఖాళీ వదిలి ఉంది.

"హ్యాపీ ఏదండీ?"

"మీ ఇంటికి ఫోన్ చేసి మేడమ్‌గారిని అడిగాను. 'చూద్దాం' అన్నారు. చూద్దాం అన్నప్పుడు రాసేస్తే బాగోదు కదండీ. జాగా వదిలాను. కొట్టు రాత్రి దాకా తీసే ఉంటుంది."

ఆ పెద్దమనిషి కౌంటరు దగ్గర అరవని అరుపు లేదు. అమ్మడు చేతులు జోడించి, నేను రాయించి ఇంటికి పంపిస్తానంది. ఆయన వినిపించుకోకుండా విసురుగా వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి ఏం చేశాడో, ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో తెలీదు. దీపాలు పెట్టే వేళకి భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చారు. ఆయన మొహం కడిగిన గిన్నెలా ఉంది. తడిసిన చొక్కా ముందుభాగం చూస్తే గిన్నెలు నిజంగానే కడిగినట్టున్నాడు.

ఆవిడ కేకు వంక చూసి, మొగుడి వంక చూసి, "రాయండి బాబాయిగారూ, పర్లేదు" అంది.

అమ్మడు చాలాసార్లు నచ్చజెప్పి చూసింది. "బాబాయ్, అది విషెస్ అంతే. నువ్వు హ్యాపీగా ఉన్నావు అని కాదు, ఉండు అని. ఉండమని కోరుకోవడానికి ఇంత విచారణ ఎందుకు?"

"ఉండమనడం సులువే. ఎలా ఉన్నావని అడిగి కదా, ఉండమనాలి?"

"ప్రపంచంలో ఏ బేకరీలోనూ ఇలా అడగరు బాబాయ్."

"అందుకేగా మనం పెట్టింది!"

ఇలా నవ్వుతూ తిట్టుకుంటూ రోజులు గడిచిపోయేవే. పక్క వీధిలో ఆఫీసు ఉంది. అందులో ఎవరి పుట్టినరోజైనా కేకు ఇక్కడి నుంచే వెళ్ళేది. బేకరీకి అది పెద్ద దన్ను. ఆ ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఓరోజు స్వయంగా వచ్చాడు. హెడ్ క్లర్కు నెలాఖరుకి రిటైరవుతున్నాడు, పెద్ద కేకు కావాలి, మీద 'హ్యాపీ రిటైర్‌మెంట్' అని రాయాలి అన్నాడు.

"ఇదంతా సర్‌ప్రైజమ్మా. ఆయనకి తెలియకూడదు. మూడో కంటికి తెలియకూడదు."

అమ్మడు సరేనంది. మూడో కన్ను బిస్కెట్ల అల్మారా వెనకే ఉందని ఆ క్షణంలో ఆమెకి గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే హెడ్ క్లర్కు బ్రెడ్డు కోసం వచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనన్నట్టుండే మనిషి. బాబాయి ఆయన్ని బ్రెడ్ల అల్మారా దగ్గరే పట్టేసుకున్నాడు.

"రిటైరవుతున్నందుకు మీరు హ్యాపీనాండి? కేకు మీద రాయమంటున్నారు."

అమ్మడు స్టూలు మీంచి దిగింది. "బాబాయ్!" అని కేకేసింది. అప్పటికే ఆలస్యమైంది. హెడ్ క్లర్కు చేతిలోని బ్రెడ్డు మళ్ళీ అల్మారాలో పెట్టేశాడు. బాబాయి ఆయన భుజం మీద చెయ్యేసి మూలకి తీసుకెళ్ళాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత హెడ్ క్లర్కు బ్రెడ్డు సంగతే మరిచిపోయి వెళ్ళిపోయాడు.

రెండు రోజులకి ఆఫీసరు ఊడిపడ్డాడు.

"సర్‌ప్రైజు అన్నానా లేదా? ఆయన నా గదిలోకి వచ్చి ఏమన్నాడో తెలుసా? 'సార్, ఆ కేకు రద్దు చేయించండి సార్, దాని మీద రాసేది నిజం కాదు సార్' అన్నాడమ్మా! ఉద్యోగంలో చేరాక సెలవన్నది ఎరగని మనిషి, ఉన్న సెలవులన్నీ ఒకేసారి పెట్టేసి వెళ్ళిపోయాడు!"

"తప్పైపోయింది సార్."

"పార్టీ జరిగి తీరుతుంది. ఆయన్ని ఎలాగోలా పిలుచుకొస్తాం. కేకు మీద హ్యాపీ ఉండాలి. ఈసారి తేడా వస్తే మా కేకులన్నీ వేరే చోటి నుంచే. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి."

ఆయన వెళ్ళాక అమ్మడు లోపలికెళ్ళింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "బాబాయ్, ఇంక నువ్వు రాయొద్దు. కౌంటరు దగ్గరికి రావొద్దు. వెనక గదిలో పొయ్యి చూసుకో చాలు. రాసే పని ఇంక ఎవరూ చెయ్యక్కర్లేదు, రెడీమేడ్ బిళ్ళలు తెప్పిస్తున్నాను."

పెద్ద గొడవవుతుందని నడుం బిగించుకునే వచ్చింది. బాబాయి మాత్రం "అలాగేనమ్మా" అన్నాడు. కోను మూతులన్నీ వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, వరసగా కౌంటరు మీద పెట్టి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. నాలుగు మాటలు తిట్టుంటే అమ్మడికి ఆ రాత్రి నిద్రపట్టేది.

చాక్లెట్ బిళ్ళలు అట్టపెట్టెలో వచ్చాయి. ఒక్కో దాని మీద బంగారు రంగులో 'హ్యాపీ బర్త్‌డే'. కేకు మీద గుచ్చితే సరి. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. అంతా చకచకా సాగిపోయింది. జనం కేకు తీసుకుని, నిమిషం అక్కడే నిలబడి, ఇంకేదో జరగాలన్నట్టు చూసి వెళ్ళిపోయేవారు. పెళ్ళిరోజు కేకు పెద్దమనిషి, భార్య పుట్టినరోజు కేకు కోసం వచ్చి, బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాబాయిగారు ఇంటికి ఫోన్ చెయ్యరా?"

"లేదండీ, ఇప్పుడా బాధ లేదు."

"బాధ నాకమ్మా ఇప్పుడు! ఫోన్ రాకపోతే మా ఆవిడ నమ్మదు. ఆయన్ని తప్పించుకుని దొంగతనంగా తెచ్చావా అంటుంది."

ఆ రోజుల్లోనే ఇంకో విచిత్రం మొదలైంది. కేకు పెట్టెలు బల్లపరుపు అట్టలుగా వస్తాయి. ఒక్కోటీ మడిచి, చెవులు దోపి నిలబెట్టాలి. ఆ విసుగు పని అమ్మడిదే. అలాంటిది పొద్దున కాసేపయ్యేసరికల్లా వెనక గది గుమ్మం పక్కన మడిచిన పెట్టెలు మనిషెత్తు పేరుకుని ఉంటున్నాయి. అంచు అంచుకి అతికినట్టు, ఆఫీసు ఫైళ్ళంత పొందిగ్గా. అలకతో బాబాయే చేస్తున్నాడనుకుంది. "ఇన్నెందుకు బాబాయ్, ఇన్ని కేకులెక్కడున్నాయి?" అని గుమ్మం బయటి నుంచే అడిగితే, "ఉంటాయిలే" అని జవాబొచ్చింది.

పార్టీ రోజు రానే వచ్చింది. పొద్దున్నే కేకు తయారైంది. బిళ్ళల పెట్టె తెరిచి చూస్తే అన్నీ బర్త్‌డే బిళ్ళలే! రిటైర్‌మెంట్‌కి బిళ్ళలు ఎవరూ చెయ్యరని అమ్మడికి అప్పుడే తెలిసింది. తనే కోను పట్టుకుని ఖాళీ పళ్ళెం మీద రాసి చూసుకుంది. గాలివానకి చెల్లాచెదురైన చీమల బారులా వచ్చింది. నాలుగింటికల్లా కేకు ఆఫీసులో ఉండాలి. ఇది చెడితే ఆఫీసు ఆర్డర్లు పోతాయి. బాగుచేయాలంటే బాబాయిని పిలవాలి. పిలిస్తే ఆయన మళ్ళీ అడుగుతాడు. అడిగితే మళ్ళీ చెడుతుంది. చేసేది లేక కేకు పళ్ళెంతో సహా వెనక గది తలుపు భుజంతో తోసింది.

లోపల పిండి బస్తాల మీద ఇద్దరు మనుషులు కూర్చుని పెట్టెలు మడుస్తున్నారు. ఒకావిడ ఎవరో తెలీదు. రెండో మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్న హెడ్ క్లర్కు.

"చెవి లోపలికి దోపాలండీ, బయటికి కాదు. మీరు రోజూ ఇదే తప్పు చేస్తున్నారు," అంటున్నాడాయన ఆవిడతో.

"నేను పళ్ళ డాక్టర్నండీ. నాకు పీకడమే వచ్చు, దోపడం రాదు," అంటోంది ఆవిడ.

అమ్మడిని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. పొయ్యి దగ్గరున్న బాబాయి, దొంగ దొరికినట్టు మొహం పెట్టాడు.

"ఏంటిది బాబాయ్?"

"వీళ్ళు... హ్యాపీ రాయనివాళ్ళమ్మా."

"అంటే?"

"అడుగుతానుగా. కొందరు కాదంటారు. కాదన్నవాణ్ణి అక్కడే వదిలేసి నా దారిన నేను వస్తే ఎలా? అలాగైతే అడక్కుండా ఉండటమే మేలు. అడిగాక ఇంక మన మనిషేగా! అందుకని, పొద్దున్న ఓసారి రండి అంటాను."

పళ్ళ డాక్టరు అందుకుంది. "పోయినేడు నా పుట్టినరోజుకి మా క్లినిక్ వాళ్ళు కేకు తెప్పించారండీ. బాబాయిగారు ఫోన్ చేసి హ్యాపీనా అన్నారు. రోజంతా అందరూ నా ముందు నోరు తెరుస్తారు గానీ ఒక్కళ్ళూ మాట్లాడరు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అప్పట్నుంచీ క్లినిక్ తెరిచే ముందు వస్తున్నాను. ఇదివరకు పార్కు బెంచీ మీద కూర్చునేవాళ్ళం. మీరు ఆయన్ని లోపలికి పంపారు కదా, మేమూ వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేశాం. ఇక్కడ కూర్చోడానికి బాగుంది. ఊరికే కూర్చుంటే బాగోదని పెట్టెలు..."

"ఇంకా ఎంతమంది ఉన్నారు?" అమ్మడు గది మూలలన్నీ చూసింది.

"వస్తుంటారు, మానేస్తుంటారు. మానేశారంటే బాగున్నట్టు," అన్నాడు బాబాయి.

అమ్మడు హెడ్ క్లర్కు వైపు తిరిగింది. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పుకొచ్చాడు. "ఇంట్లో అందరికీ హ్యాపీయేనని చెప్పానమ్మా. మా ఆవిడ చుట్టాలందరికీ అదే చెప్పింది. కానీ తొమ్మిది కొట్టేసరికి కాళ్ళు వాటంతటవే బూట్లలోకి వెళ్ళిపోతాయి. బూట్లేసుకుని ఎక్కడికెళ్ళాలో తెలీదు. ఆ మాట బాబాయిగారికొక్కరికే చెప్పాను. బూట్లతో ఇక్కడికి వచ్చెయ్యమన్నారు."

అమ్మడు గుమ్మం పక్కన పేర్చిన పెట్టెల వంక చూసింది. ఇన్నాళ్ళూ ఆ పెట్టెలు చూసి అలక అనుకుంది! కేకు బల్ల మీద పెట్టి, కోను తీసి బాబాయి ముందుకి చాపింది.

"నాలుగింటికి కేకు వెళ్ళాలి. రాస్తావా?"

బాబాయి కోను అందుకుని, మనసొప్పక, పిల్లాడిలా చూశాడు. "అడగొద్దంటావా?"

"అడగాల్సిందే. ఈసారి నేనడుగుతాను." గొంతు సవరించుకుంది. అడగడం ఇంత కష్టమని అప్పటిదాకా ఆమెకి తెలీదు. "హెడ్ క్లర్కు గారూ, రిటైరవుతున్నందుకు మీరు హ్యాపీనాండి?"

హెడ్ క్లర్కు చేతిలో సగం మడిచిన పెట్టె ఉంది. చెవులు దోపాడు. నిలబెట్టాడు. వంకర ఉందేమోనని చుట్టూ తిప్పి చూశాడు.  నాలుగింటి కేకు, ఆఫీసరు కోపం, ఏడాది పొడవునా వచ్చే ఆర్డర్లు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నట్టు అమ్మడు దాన్నే చూస్తూ నిలబడింది. కానీ తొందరపెట్టలేదు.

"పోయినవారం అడిగుంటే వద్దనేవాణ్ణమ్మా," అన్నాడాయన చివరికి. "ఇప్పుడు... రాయండి. కానీ చిన్నక్షరాలతో."

బాబాయి మొహం వెలిగిపోయింది. సన్నమూతి ఎంచి, ఊపిరి బిగబట్టి రాశాడు. 'రిటైర్‌మెంట్' కేకంతా పరుచుకుంది. దాని ముందు, చిటికెన వేలి గోరంత, 'హ్యాపీ'. పళ్ళ డాక్టరు వంగి చూసి, "పాలపన్నులా ఉంది" అంది. హెడ్ క్లర్కు తన చేత్తో మడిచిన పెట్టెలో కేకుని తనే పెట్టాడు.

ఆఫీసులో అందరూ గుమిగూడారు. ఆఫీసరు పెట్టె తెరిచాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"హ్యాపీ ఏదమ్మా?"

"ఉంది సార్. ఇదిగో, ఇక్కడ."

"ఇంతేనా! ఏం, క్రీము అయిపోయిందా?"

"లేదు సార్," అంది అమ్మడు. "ఆయనకి ఉన్నంతే రాశాం."

ఆఫీసరు హెడ్ క్లర్కు మొహం చూశాడు. ఎప్పుడూ నవ్వని ఆ మనిషి, కేకుని చూస్తూ తనలో తను నవ్వుకుంటున్నాడు. ఆఫీసరు కత్తి తీసి హెడ్ క్లర్కు చేతికిచ్చాడు. ముక్కలు పంచడం మొదలైంది. ఆ చిన్న మాట ఉన్న ముక్కని హెడ్ క్లర్కు ఎవరికీ ఇవ్వలేదు, వేరే పళ్ళెంలో పెట్టించుకున్నాడు. కాసేపటికి ఆఫీసరు అమ్మడి పక్కకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"వచ్చే నెల నా పుట్టినరోజమ్మా. కేకు మీ దగ్గరే. మరి... నా దాని మీద ఎంత రాస్తారు?"

"నేనెలా చెప్తాను సార్? మా బాబాయి మిమ్మల్ని అడగాలి. పొద్దున్న తొమ్మిదింటికి రండి, వెనక గుమ్మంలోంచి."

ఆఫీసరు, "వస్తే ఏం చెయ్యాలి?" అన్నాడు.

"చొక్కా చేతులు మడుచుకుని రండి సార్," అన్నాడు హెడ్ క్లర్కు పక్కనుంచి. "పెట్టెలు చాలా ఉన్నాయి."